ఎర్ర కేబుల్ ఉన్న డ్రైవు

జనవరి 9

తమ్ముడికి,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోను మూడుసార్లు చేశాను. రెండుసార్లు నువ్వు "హలో" అనగానే పెట్టేశాను. ఒకసారి మరదలు ఎత్తింది, రాంగ్ నంబరన్నాను. నీ గొంతు వినగానే ఆ ఆసుపత్రి వరండా కళ్లముందు నిలబడుతుంది. కాగితమైతే మధ్యలో ఏడ్చినా లైను కట్ అవదు. అందుకని ఇన్నాళ్లకి కలం పట్టాను. ఆ రోజు నేనన్న మాటల జోలికి ఇప్పుడు పోను. పోతే అసలు సంగతి రాయలేను.

మేమందరం క్షేమమని రాయబోయి ఆగాను. పిల్లాజెల్లా లేని ఇంట్లో మేమందరం ఎవరు? దేవుడి దయవల్ల నేను క్షేమం.

మీ బావ గదిలో కంప్యూటర్ నువ్వే కదా బిగించిపెట్టావు. ఆయన పగలంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుని, సాయంత్రం వచ్చి అంధుల బడి పిల్లల కోసం పాఠాలు చదివి అందులో పెట్టేవారు. నీకు తెలిసిందే. ఆ పుస్తకాలు బడిలో ఉన్నాయి, పిల్లలు రోజూ వింటున్నారు. కానీ నాకు కావలసినవి అవి కావు. అవన్నీ కత్తిరించినవి. కత్తిరించిన పుస్తకంలో మీ బావ ఊపిరి కూడా తీసుకోరు. ఆయన మిషను ఆపకుండా సాయంత్రమంతా రికార్డు చేసేవారు. మధ్యలో నీళ్లు తాగడం, తప్పు చదివి తనను తాను తిట్టుకోవడం, నన్ను పిలవడం, నాతో మాట్లాడడం అన్నీ అందులో పడేవి. తరవాత వాటిని తీసేసి బడికిచ్చేవారు. తీయనివి, అంటే మొత్తం ఉన్నవి, పదకొండేళ్లవి, ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి.

తమ్ముడూ, ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను. గొంతు ఆపరేషను తరవాత రెండేళ్లు, పోయేదాకా, ఆయన పలక మీద రాసి చూపించారు. ఆ రెండేళ్లలో నేను ఆయన గొంతు మర్చిపోయాను. చదివే గొంతు గుర్తుంది. నన్ను పిలిచే గొంతు గుర్తు రావడం లేదు. ప్రార్థన చేసేటప్పుడు కూడా దానికోసమే వెతుక్కుంటున్నాను, పాపమేమో.

కంప్యూటర్ తెరిస్తే ఆ రికార్డింగులు ఒకరోజు కనిపిస్తాయి, నాలుగు రోజులు కనిపించవు. పెట్టె లోపల ఏదో టక్ టక్ మంటుంది. బజారులో ఒక రిపేరు షాపాయన ఉన్నాడు, కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుంటాడు. "డ్రైవు పోయిందమ్మా, మార్చేద్దాం" అన్నాడు. పక్క మూత తీసి చూపించాడు. లోపల రెండు డ్రైవులున్నాయి, ఒక్కోదానికి ఒక సన్నటి తీగ తగిలించి ఉంది. నాకు ధైర్యం చాలక వద్దని తీసుకొచ్చేశాను.

నువ్వు చేసేది ఈ పనే కదా. ఏం చేయమంటావో రాయి. మరదలిని అడిగినట్టు చెప్పు. రాంగ్ నంబరు నేనేనని చెప్పకు.

అక్క


జనవరి 20

అక్కా,

నీ ఉత్తరం చూసి నీ మరదలు "ఎవరు పోయారండీ?" అని గుండె పట్టుకుంది. మా ఇంటికి కరెంటు బిల్లు తప్ప కాగితమనేది వచ్చి ఎన్నాళ్లయిందో. రాంగ్ నంబరు సంగతి దానికి ఆ రోజే తెలుసు. "మీ అక్కయ్యే, రాంగ్ నంబరు వాళ్లు అంత మర్యాదగా క్షమించమ్మా అనరు" అంది.

ఫోను చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. నువ్వు కాగితమన్నావు, కాగితమే కానివ్వు.

ముందు ఆ కళ్లజోడాయన్ని డ్రైవు మీద చెయ్యి వెయ్యనివ్వకు. ఒకరోజు కనిపించి ఒకరోజు కనిపించకపోతే సగం సందర్భాల్లో డ్రైవు బాగానే ఉంటుంది, చెడేది కేబులే. మా డేటా సెంటర్లో వేల డ్రైవులుంటాయి. కొత్తగా చేరినవాళ్లు డ్రైవు పట్టుకుని ఏడుస్తారు, పాతవాళ్లం ముందు కేబుల్ మారుస్తాం. కాబట్టి రెండు కేబుళ్లూ మార్చు. ఎలాంటివి కొనాలో చెబుతాను, ఈ కాగితం షాపుకి పట్టుకెళ్లు.

ప్రతి డ్రైవుకీ రెండు తగిలించి ఉంటాయి. వెడల్పుది కరెంటుది, దాని జోలికి పోకు. సన్నది డేటాది, మనకి కావలసింది అదే. "సాటా డేటా కేబుల్" అని అడుగు. దాని నోటిలోకి చూస్తే ఒక చివర చిన్న వంపు ఉంటుంది. ఆ వంపు వల్లే అది తిరగేస్తే దూరదు. దూరకపోతే తిప్పి చూడు, బలవంతం చెయ్యకు. బయట పెట్టుకునే డ్రైవులకి వేరే రకం కేబుల్ ఉంటుంది, దానికి వంపు ఉండదు, మనకి పనికిరాదు. పొడవు ఒక మూర చాలు. పొడుగ్గా ఉంటే మంచిదని మీటరుది అంటగడతారు, వద్దు. రెండు చివరలా చిన్న ఇనుప క్లిప్పు ఉన్నది తీసుకో, టక్కున పడుతుంది, ఫ్యాను అదురుకి జారదు. నేనప్పుడు పెట్టినవి క్లిప్పు లేనివి, అదే కొంప ముంచిందేమో. మడతపెట్టి లోపల దూర్చకు. బంగారు పూత, ఎక్కువ స్పీడు అని చీటీ అంటించినవి చూపిస్తాడు. ఏమీ తేడా లేదు. ఇక రంగు. ఎరుపు, నలుపు, నీలం అని ఉంటాయి. రంగుకి విలువ లేదక్కా, తయారుచేసేవాడి సరదా. చీరలా ఎంచుతూ కూర్చోకు.

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడు మార్చు. నీ వల్లే అవుతుంది. కుట్టుమిషను విప్పి బిగించినదానివి.

బావ గొంతు నాకు గుర్తుంది. రాయడం చేతకాదు.

తమ్ముడు


ఫిబ్రవరి 2

తమ్ముడికి,

వచ్చిందిరా! మొదటి మాట అదే రాస్తున్నాను.

నీ కాగితం కళ్లజోడాయన రెండు కళ్లజోళ్లలోంచీ చదివి, "మీ తమ్ముడుగారు నా వ్యాపారం ముంచేలా ఉన్నారే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. క్లిప్పులున్నవి ఆయన దగ్గర రెండే ఉన్నాయి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. మూర పొడవు, వంపు అన్నీ సరిచూసుకున్నాను. ఇంటికొచ్చి ప్లగ్గు పీకి, దేవుణ్ణి తలుచుకుని, పాతవి రెండూ లాగేసి కొత్తవి పెట్టాను. ఏది దేనికని చూసుకోలేదు, రంగుకి విలువ లేదన్నావుగా. టక్ టక్ మని నాలుగు చివరలూ పడ్డాయి. ఆ చప్పుడు ఎంత ముద్దుగా ఉందో!

తెరిచేసరికి వరుసగా తేదీలన్నీ కనిపించాయి. ఒకటి తెరిచాను. భూగోళం పాఠం. నాలుగు నిమిషాలు విని ఆపేశాను. అన్నీ ఒక్కరోజే వినేస్తే ఎలా, మిగిలిన బతుకంతా ఉంది కదా వినడానికి. రోజుకి కాస్త అనుకున్నాను.

నీకు ఎలా రుణం తీర్చుకోవాలో తెలియదు. అమ్మ ఉంటే నీ తల నిమిరేది. ఆవిడ తరఫున నేను నిమిరాననుకో.

ఒక్కటే బెంగ. లోపల ఆ టక్ టక్ మాత్రం ఆగలేదు. కొత్త కేబుళ్ల చప్పుడు కాదు, అది వేరు. గోరుతో ఎవరో బల్ల మీద కొట్టినట్టు. అప్పుడప్పుడు తెర బిగుసుకుపోతోంది. అదేమిటో చెప్పు. అంతవరకు నేను దాన్ని తెరవను.

అక్క


ఫిబ్రవరి 11

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నీ మరదలు చదివి కళ్లు తుడుచుకుంది, కూర మాడింది.

ఈ వారం మాకు డ్యూటీ మీద డ్యూటీ. అందుకని పొట్టిగా రాస్తున్నాను, వేరేగా అనుకోకు. టక్ టక్ మంటోంది పాత డ్రైవు. లోపల ముల్లు అరిగిపోయింది. దాన్ని అలాగే ఉంచితే కంప్యూటర్ని బిగదీస్తూనే ఉంటుంది. అందులో బావ రికార్డింగులు లేవు. బ్యాంకు కాగితాలు, ఆసుపత్రి రిపోర్టులు లాంటివి ఉన్నాయి. వాటి నకళ్లు నీ దగ్గర ఉన్నాయి.

ఎర్ర కేబుల్ ఉన్నది ఆ పాతదే. ఎర్రదాన్ని తీయించు. దాని స్థానంలో ఈ పార్సెల్లో ఉన్న కొత్తది పెట్టించు, కావలసినవన్నీ ఎక్కించే పంపాను. తీసినదాన్ని తూకానికి వెయ్యకు, ఇంటి కాగితాలు పరాయి చేతుల్లో పడతాయి. కళ్లజోడాయన్ని డ్రిల్లుతో నాలుగు చిల్లులు పెట్టమను. ఆ తరవాత అది ఇనప ముక్క.

రెండోది ముట్టుకోవద్దను. అదే బావ.

తమ్ముడు


ఫిబ్రవరి 21

తమ్ముడికి,

పార్సెల్ భద్రంగా అందింది. అంత మెత్తటి కాగితం చుట్టి పంపావు, పసిపిల్లని పంపినట్టు.

నువ్వు చెప్పినట్టే చేయించాను. కంప్యూటర్ని రిక్షాలో నా ఒళ్లో పెట్టుకుని షాపుకి తీసుకెళ్లాను. కళ్లజోడాయన ఎర్ర కేబుల్ ఉన్నది తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, చిల్లులు పెట్టేముందు ఒకసారి తగిలించి లోపల ఏముందో చూసుకుంటారా?" అన్నాడు. "మా తమ్ముడు చెప్పాక చూసేదేముందండీ, వాడికి ఇదే పని" అన్నాను. "సరే, తమ్ముడుగారి ఆజ్ఞ" అని నాలుగు చిల్లులూ పెట్టాడు. మెరిసే పొడి రాలింది. ఎందుకో ఆ పొడి తుడవబుద్ధి కాలేదు. ఎన్నాళ్లో మన ఇంట్లో పనిచేసిన వస్తువు కదా అని లోలోపల ఒక నమస్కారం పెట్టాను.

ఇంటికొచ్చి తెరిస్తే కొత్తది చక్కగా వెలిగింది. కానీ తమ్ముడూ, టక్ టక్ ఆగలేదు. రికార్డింగులు మళ్లీ కనిపించడం లేదు. రెండో డ్రైవు తెరిస్తే బ్యాంకు కాగితాలు వస్తున్నాయి, అవీ సగం వచ్చి ఆగిపోతున్నాయి.

మళ్లీ కేబుల్ జారిందనుకుని తీసి పెట్టాను. కొత్త కేబుల్ ఇంకొకటి కొన్నాను, నల్లది. లాభం లేదు. నిన్న ఇంకొకటి తెచ్చాను, అది కొంచెం పొడుగు, మూరన్నర ఉంటుంది, తప్పేమో. కళ్లజోడాయన నన్ను చూడగానే "ఈరోజు ఏ రంగు కావాలమ్మా?" అంటున్నాడు. నేనూ నవ్వేస్తున్నాను.

ఏ కేబుల్ కొనాలో ఇంకొంచెం వివరంగా రాయి. నేనే ఎక్కడో పొరపాటుగా కొన్నట్టున్నాను. తొందర లేదు, వీలు చూసుకునే రాయి.

అక్క


మార్చి 14

తమ్ముడికి,

మూడు వారాలైంది. నీ దగ్గరనుంచి జవాబు లేదు. డ్యూటీ అనుకున్నాను. తరవాత ఆరోగ్యమనుకున్నాను. ఇప్పుడు నాకు అర్థమైంది.

నేను అసలు మాట అడగకుండా కేబుళ్లూ డ్రైవులూ అడుగుతున్నాను. నీకు బాధ ఉండదూ? ఆ రోజు వరండాలో నువ్వేమన్నావు? "అక్కా, రేపు ఆపరేషనయ్యాక బావకి గొంతుండదు, ఈ పూట ఆయన చేత నాలుగు మాటలు చెప్పించి రికార్డు చేసి దాచుకో" అన్నావు. అంతేగా. దానికి నేను నలుగురిలో నీ మీద ఒంటికాలి మీద లేచాను. "మా ఇంటి దీపం నువ్వే ఆర్పేలా ఉన్నావు, నీ అపశకునపు మొహం నాకు చూపించకు" అన్నాను. నువ్వు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్లిపోయావు. ఆయన పోయినప్పుడు వచ్చి గేటు దగ్గరే నిలబడ్డావు. లోపలికి రమ్మని నేను పిలవలేదు. చూసి కూడా పిలవలేదు.

నీ మాట విని ఉంటే ఈ తంటాలేవీ లేవు. తప్పు నాది. క్షమించమని అడగడానికి మూడేళ్లు పట్టింది. కేబుల్ సంగతి రాసినా రాయకపోయినా, నువ్వు బాగున్నావని ఒక్క ముక్క రాయి చాలు.

అక్క


మార్చి 20

అక్కా,

నువ్వు క్షమించమని అడిగావు. ఆ కాగితం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియలేదు.

నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు. చిల్లులు పెట్టించానన్న నీ ఉత్తరం అందిన రోజే జవాబు తెలిసింది. ఆరుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇది చింపను.

కేబుల్ తప్పు లేదు. ఇంక కేబుళ్లు కొనకు.

ఆ కంప్యూటర్ బిగించిన రోజు రెండు డ్రైవులూ కలిసిపోకూడదని పాతదానికి ఎర్ర కేబుల్, బావ రికార్డింగులకి నల్ల కేబుల్ పెట్టాను. నా బుర్రలో అది అలాగే ఉండిపోయింది. ఎర్రదంటే పాతది. నువ్వు రెండు కేబుళ్లూ మార్చావు. నేనే మార్చమన్నాను. రంగుకి విలువ లేదని నేనే రాశాను. నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నీలం, ఎరుపు అని నువ్వు స్పష్టంగా రాశావు, ఏది దేనికని చూడలేదనీ రాశావు. నేను "వచ్చిందిరా" అన్న మాట చదివి ఆ సంబరంలో మిగతాది చదవలేదు. తరవాత కూర్చుని ఎర్రదాన్ని తీయించమని రాశాను.

చిల్లులు పెట్టించింది బావదానికి.

దానిలోంచి ఏమైనా తీయగలరా అని నువ్వు అడుగుతావు. నేను మా పెద్దాయన్ని అడిగాను, బయట ఇంకొకరిని అడిగాను. డ్రైవు లోపల తిరిగే పళ్లేల మీద నాలుగు చిల్లులు పడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు. ఇది నా వృత్తి, అబద్ధం చెప్పలేను. టక్ టక్ మంటూ నీ దగ్గర మిగిలింది పాతది.

ఆ రోజు వరండాలో నువ్వన్నది మూడేళ్లు మోశాను, నేనేం తప్పు చేశానని. ఇప్పుడు నువ్వన్న మాటే నిజమైంది. దీపం నేనే ఆర్పాను.

వచ్చే వారం సెలవు పెట్టి వస్తాను. గేటు దగ్గర నిలబడతాను. పిలిస్తే లోపలికి వస్తాను.

తమ్ముడు


మార్చి 27

ఒరేయ్ నాన్నా,

పోస్టు అతను ఇచ్చిన కవరు నిలబడే చదివాను. తరవాత మీ బావ గదిలోకి వెళ్లి కంప్యూటర్ ప్లగ్గు పీకేశాను. ఆ టక్ టక్ ఆగింది. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. దేవుడి మీద కోపం రాలేదు, నీ మీదా రాలేదు. వస్తుందేమోనని చూశాను కూడా.

నువ్వు రాయవలసినదంతా రాశావు. నేను రాయనివి రెండున్నాయి.

మొదటిది. కళ్లజోడాయన ఒకసారి చూసుకుంటారా అని అడిగినప్పుడు నాకు లోపల చూసుకోవాలనే ఉంది. తీసిన డ్రైవు మీద ధూళి కూడా లేదు, పాతదానిలా లేదనిపించింది. అయినా వద్దన్నాను. ఎందుకో తెలుసా? మూడేళ్ల క్రితం నువ్వొక మాట చెబితే నలుగురిలో కొట్టిపారేశాను. ఈసారి నలుగురిలో నీ మాట మారుమాట లేకుండా వినాలనుకున్నాను. షాపులో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల ముందు "మా తమ్ముడు చెప్పాడు" అనడం నాకెంత బాగుందో! ఆ గొప్ప నాది. అందులో నీకు వాటా లేదు.

రెండోది. నాలుగు నిమిషాలు విని, రోజుకి కాస్త దాచుకుందామని ఆపానని రాశాను. అది నిజం కాదు. నిజం ఇప్పుడు రాస్తాను.

భూగోళం పాఠం. వానలు ఎలా పడతాయో చదువుతున్నారు. "సముద్రం మీది గాలి తేమను మోసుకుని" అన్న దగ్గర ఆగారు. తలుపు చప్పుడైంది. "ఎంతసేపు నిలబడతావు అక్కడ? లోపలికి రా" అన్నారు. నా గొంతు వినిపించింది, "పేజీ అయిందా?" అని. ఎంత చిన్నపిల్ల గొంతురా నాది! "పేజీ ఎక్కడికీ పోదు, టీ చల్లారిపోతుంది" అన్నారు. గ్లాసు పెట్టిన చప్పుడు. ఒక గుక్క తాగి, "ఏమోయ్, పంచదార మర్చిపోయావా?" అన్నారు. "పొద్దున్నే అయిపోయింది. పంచదార తెమ్మంటే మీరు పుస్తకం తెచ్చారు" అన్నాను. ఆయన మైకులోకి వంగి, "పిల్లలూ, ఇది పాఠంలో లేదు" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు చివర ఆయనకి దగ్గొచ్చింది.

చాలాసేపు దగ్గారు. ఆ తేదీ చూశాను. మనకి జబ్బు తెలియడానికి ఏడాదిన్నర ముందుది. ఆ దగ్గు అప్పటికే ఉంది. నేను పక్కనే గ్లాసు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాను. నాకు వినపడలేదు. అందుకే ఆపేశాను. ఇంకొకటి తెరిస్తే అందులోనూ దగ్గుతారేమోనని భయం. నువ్వు టక్ టక్ సంగతి రాసేదాకా తొమ్మిది రోజులు ఆ డ్రైవు నా ముందే బాగా పనిచేసే స్థితిలో ఉంది. తొమ్మిది రోజులు నేను దాన్ని తెరవలేదు. టక్ టక్ అన్నది నాకు దొరికిన సాకు. తెరిచి ఉంటే పదకొండేళ్లు కాకపోయినా కొన్ని సాయంత్రాలు విని ఉండేదాన్ని. దానికి నువ్వు చిల్లులు పెట్టలేదు, దాన్ని నేనే ముందు మూసేశాను.

దీపం ఆర్పావన్న మాట ఇంకెప్పుడూ రాయకు. అది నేనన్న మాట. నేనే వెనక్కి తీసుకుంటున్నాను.

"ఏమోయ్" అన్నప్పుడు ఆయన గొంతు కొంచెం పైకి లేస్తుంది, చివర్లో తగ్గుతుంది. ఇప్పుడు గుర్తుంది. ఎన్నాళ్లుంటుందో తెలియదు. మనసులో పదే పదే తలుచుకుంటే అరిగిపోతుందేమోనని రోజుకి ఒక్కసారే తలుచుకుంటున్నాను, ప్రార్థనయ్యాక.

నువ్వు రా. గేటు దగ్గర నిలబడితే ఊరుకోను. అది తెరిచే ఉంటుంది, చక్కగా లోపలికి నడిచి రా, చెప్పులు విప్పుకుని కూర్చో. మరదలిని కూడా తీసుకురా, కూర మాడ్చకుండా నేను వండుతాను.

ఈ కాగితాలు మాత్రం నాకు తిరిగి తేవద్దు. నీ దగ్గరే ఉంచు. ఆయన మాటలు నాలుగే మిగిలాయి, అవి ఇందులో ఉన్నాయి. నాకు మతిమరుపు వస్తే నువ్వు చదివి వినిపించాలి. నాకు తప్ప ఇంకెవరికీ చూపించకు. చదివినవాళ్లు మీ బావ ఏమన్నారో అడగరు, ఆ డ్రైవు ఎవరు తీయించారని అడుగుతారు. దానికి నువ్వు ఎవరికీ జవాబు చెప్పుకోవడం నాకిష్టం లేదు.

మీ అక్క